కత్తెర కంటే ముందు కన్ను

1929 నాటి ‘మ్యాన్ విత్ ఎ మూవీ కెమెరా’లో ఒక గుర్రం పరుగు మధ్యలో ఆగిపోతుంది. బండి లాగుతూ దౌడు తీస్తున్న గుర్రం అది. కాళ్లు ఇంకా గాల్లో ఉండగానే బొమ్మ బిగుసుకుపోతుంది. ఆ వెంటే బండిలో కూర్చున్న ఆడవాళ్లు ఆగిపోతారు. జనంతో కిటకిటలాడే వీధి ఆగిపోతుంది. ఒక ముసలమ్మ ముఖం, పిల్లల ముఖాలు ఒకటొకటిగా వచ్చి కదలకుండా నిలబడతాయి. అప్పుడు ఒక పాప ముఖం ఫిల్ము ముక్క మీద, అంచున చిల్లుల వరసతో సహా, కనిపిస్తుంది. ఇంతసేపూ ఊరిని చూస్తున్నాం అనుకున్నాం, చూసిందంతా ఫిల్ము. ఆ ఫిల్ముని చేత పట్టుకున్న మనిషి మరుక్షణం తెర మీదికి వస్తుంది. బల్ల ముందు కూర్చుని, అరల్లో చుట్టలు చుట్టలుగా సర్దిపెట్టిన వాటిలోంచి ఒకదాన్ని తీసి, వెలుగుకి పెట్టి చూసి, కత్తిరిస్తుంది. ఆమె పేరు ఎలిజవేతా స్విలోవా. ఆ సినిమా ఎడిటర్ ఆమే. దర్శకుడు జిగా వెర్తోవ్ భార్య కూడా. ఆమె చెయ్యి కదిలాక, ఇందాక బిగుసుకుపోయిన పిల్లల ముఖాల్లో కళ్లు కదులుతాయి, పెదవులు విచ్చుకుంటాయి.

ఆ పిల్లలు దేన్ని చూసి నవ్వుతున్నారో అప్పటికి మనకి తెలియదు. సినిమా ఇంకా చాలా దూరం నడిచాక ఒక గారడీవాడు వచ్చి మాయలు చేస్తుంటే, ఎదురుగా చేరిన గుంపులో ఆ ముఖాలే మళ్లీ దొరుకుతాయి. నవ్వు ముందు వచ్చింది, కారణం వెనక వచ్చింది. ఎన్నిసార్లు చూసినా ఆ చోట నా ఒళ్లు జలదరిస్తుంది. గారడీవాడి విద్యా, బల్ల దగ్గర ఆమె విద్యా ఒకటేనని, ఒక్క మాట లేకుండా, అసలు మాటలే లేని సినిమాలో చూపించేశారు. అంతకంటే ఎక్కువగా నన్ను కట్టిపడేసేది ఆమె చేతుల్లోని నిదానం. తొందర లేదు, తడబాటు లేదు. ఒక్క సినిమాతో అబ్బే నిదానమా అది? స్విలోవా 12 ఏళ్ల వయసులో ఒక ఫిల్ము ల్యాబులో పనికి చేరింది. నెగటివ్‌లు తుడవడం, ప్రింట్లు ఏరడం, వరసలో సర్దడం ఆమె పని. ఆ తర్వాత పతే కంపెనీలో ఫిల్ము కత్తిరించింది. వెర్తోవ్‌తో కలిసి పనిచేసే నాటికి ఆ వేళ్ల మధ్య నుంచి ఎన్ని మైళ్ల ఫిల్ము జారిపోయిందో ఊహించుకోవలసిందే.

ఎడిటింగ్‌లోకి కొత్తగా వచ్చిన పిల్లలందరికీ ఒకటే దిగులు. సాఫ్ట్‌వేర్ వచ్చు, చేతిలో లాప్‌టాప్ ఉంది, అనుభవం మాత్రం లేదు, అది ఎక్కడ దొరుకుతుంది అని. ఈ దిగులుకి సమాధానం సినిమా పుస్తకాల్లో కంటే మన అలంకార శాస్త్రంలోనే నాకు చక్కగా కనిపించింది. అభినవగుప్తుడు ‘లోచనం’లో సహృదయుడు ఎవరో చెబుతాడు. కావ్యాలను పదే పదే అనుశీలించి, ఆ అభ్యాసం వల్ల మనసనే అద్దం తేటపడినవాడు సహృదయుడని దాని సారం. పుట్టుకతో వచ్చే ప్రతిభ మీద ఆయన ఇక్కడ భారం వేయలేదు, అభ్యాసం మీద వేశాడు. సినిమాకి మొదటి సహృదయుడు ఎడిటరే. హాల్లో మనం చూసేది రెండున్నర గంటలు. దాని వెనక ఎవరూ చూడని వందల గంటల రషెస్‌ని చూసి, ఏది ప్రాణంతో ఉందో ఏది ఊరికే కదులుతోందో తేల్చేవాడు అతను. కొత్తవాడికి అప్పజెప్పే పని ఎంత చిన్నదైనా, ఎంత విసుగు పుట్టించేదైనా, అది ఆ అద్దాన్ని తుడిచే పనే. ఆ పనిలో ఉన్న అందం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నాకు మాట్లాడాలని ఉంది.

ఫిల్ము రోజుల్లో అసిస్టెంటు చేతికి మొదట వచ్చే పని సింక్ కలపడం. 35 ఎంఎం ఫిల్ములో అడుగుకి 16 ఫ్రేములు, సెకనుకి 24. బొమ్మ ఒక చుట్టలో ఉంటుంది, మాట ఇంకో చుట్టలో, మాగ్నెటిక్ ఫిల్ము మీద ఉంటుంది. క్లాప్ బోర్డు చెక్కలు రెండూ కలుసుకున్న ఫ్రేము దగ్గర మైనపు పెన్సిలుతో గుర్తు పెట్టాలి. సౌండ్ చుట్టని చేత్తో ముందుకీ వెనక్కీ లాగుతూ ‘టక్’మన్న చోట ఇంకో గుర్తు పెట్టాలి. మెల్లగా లాగితే ఆ టక్కు మూలుగులా వినిపిస్తుంది. ఎక్కడ మొదలవుతోందో చెవికి అందాలి. ఆ రెండు గుర్తులూ సింక్రనైజర్ పళ్ల మీద ఒకదానికొకటి ఎదురుగా కూర్చున్నాక చక్రం తిప్పితే, అంతవరకూ మూగగా పెదవులాడించిన మనిషి నోట మాట పుడుతుంది. రోజుకి ఎన్ని టేకులుంటే అన్నిసార్లు పుడుతుంది. ఇది గుమాస్తా పని అని తోసేసేవాళ్లు ఉన్నారు. ఒక మనిషి గొంతు అతని ముఖంలోకి వచ్చి చేరడాన్ని పూటపూటా చూసినవాడికి, ఆ రెండింటినీ ఎప్పుడు విడదీయాలో కూడా తెలుస్తుంది. మాట్లాడుతున్నవాడి ముఖం వదిలేసి, వింటున్నవాడి ముఖం మీద ఆ మాటని పరిచే కట్ ఉందే, దాని మర్మమంతా ఇక్కడే ఉంది.

కోయగా మిగిలిన ముక్కల్ని ట్రిమ్స్ అంటారు. రెండే ఫ్రేములున్న ముక్కయినా పారేయకూడదు. నంబరు రాసి బిన్ను మీద కొక్కేనికి తగిలించాలి. మధ్యాహ్నం ఎడిటర్ తీసేసిన ముక్కని సాయంత్రం మళ్లీ అడుగుతాడు, వెతికి ఇవ్వాలి. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలో అసిస్టెంటుకి ఏ పాఠ్యపుస్తకంలోనూ లేని చదువు దొరికేది. రెండు ఫ్రేములంటే సెకనులో పన్నెండో వంతు. అంత ముక్క పోయాక హీరోయిన్ చూపులో బిడియం ఎలా పోయింది, తిరిగి చేరాక ఎలా వచ్చింది, పక్కన నిలబడి కళ్లారా చూసేవాడు. పెద్దాయన ఎందుకు తీశాడో నోటితో చెప్పడు. చెప్పాల్సిన అవసరం రాదు.

ఈ విద్యలో ఇంకో విచిత్రం ఉంది. ఇందులో గొప్పవాళ్లు చాలామంది పరాయి సినిమాల మీద చెయ్యి తిప్పుకున్నారు. విప్లవం తర్వాత రష్యాలో ముడి ఫిల్ముకి కటకట. మాస్కో ఫిల్ము స్కూలు 1919లో మొదలైంది గానీ తీయడానికి ఫిల్ము లేదు. లెవ్ కులెషోవ్ తన శిష్యులతో ఫిల్ము లేని సినిమాలు ఆడించేవాడు. షాట్లుగా విడగొట్టిన కథని రంగస్థలం మీద, కెమెరా ఉన్నట్టే, నటించడం అన్నమాట. పాత సినిమాల ముక్కలు దొరికితే వాటిని అటూ ఇటూ అతికించి చూసేవారు. విప్లవానికి ముందు పేరు మోసిన నటుడు మోజుహిన్ ముఖం అలా అతికించిందే. ఏ భావమూ లేని ఆ ముఖం పక్కన సూపు గిన్నె పెడితే ఆకలి కనిపించింది, శవపేటిక పెడితే దుఃఖం కనిపించింది. ముఖం మాత్రం అదే. విభావాలూ అనుభావాలూ సంచారీ భావాలూ కలిసిన చోట రసం పుడుతుందని భరతుడు చెప్పిన సంగతి మనకి కొత్త కాదు. దాన్ని కులెషోవ్ శిష్యులు గ్రంథంలో చదవలేదు, జిగురూ కత్తెరా పట్టుకుని, చలిగదిలో, తమ కళ్ల ఎదుట పుట్టగా చూశారు. ఏం భాగ్యం అది!

అదే ఊళ్లో అదే కాలంలో ఎస్ఫిర్ షుబ్ అనే ఆమె విదేశీ సినిమాల్ని సోవియట్ ప్రేక్షకుల కోసం తిరగ్గోసే ఉద్యోగం చేసేది. తెర మీది అక్షరాలు మార్చడం, దృశ్యాల వరస మార్చడం, కథకి వేరే తాత్పర్యం తీసుకురావడం. 1924లో ఫ్రిట్జ్ లాంగ్ ‘డాక్టర్ మబూజె’ ఆమె బల్ల మీదికి వచ్చినప్పుడు పక్కన ఒక కుర్రాడు వచ్చి కూర్చున్నాడు. నాటకాల నుంచి వచ్చినవాడు, అప్పటికి ఒక్క పెద్ద సినిమా కూడా తీయలేదు. పేరు సెర్గెయ్ ఐసెన్‌స్టైన్. మరుసటి ఏడాదికల్లా ‘స్ట్రైక్’, ‘బాటిల్‌షిప్ పొటెమ్కిన్’ వచ్చాయి. ప్రపంచం ఐసెన్‌స్టైన్ రాసిన సిద్ధాంతాలు చదువుతుంది. నాకేమో షుబ్ బల్ల దగ్గర ఆ కుర్రాడు ఏం చూసి ఉంటాడా అని ఉంటుంది. ఒక జర్మన్ సినిమాలో దొంగ నవ్వు తీసుకెళ్లి ఇంకో దృశ్యం పక్కన పెడితే ఆ నవ్వు రంగు మారిపోవడం చూసి ఉంటాడు. షుబ్ కూడా అక్కడే ఆగిపోలేదు. పాత న్యూస్‌రీళ్లూ, జార్ కుటుంబం సరదాకి తీయించుకున్న ఫిల్మూ పోగేసి 1927లో ‘ఫాల్ ఆఫ్ ది రొమనోవ్ డైనస్టీ’ కూర్చింది. రాజులు తమ వైభవం కోసం తీయించుకున్న బొమ్మలే వాళ్ల పతనానికి సాక్ష్యం చెప్పాయి. ఏళ్ల తరబడి పరాయి ఫిల్ముని తిరగ్గోసిన కంటికే అది సాధ్యం.

ఎడిటర్ థెల్మా స్కూన్‌మేకర్ మొదటి ఉద్యోగం అంతకంటే కఠినమైనది. పేపర్లో ప్రకటన చూసి చేరింది. ఫెలిని, ఆంటొనియోని, త్రూఫో సినిమాల్ని రాత్రి పూట టీవీలో వేసే సమయానికి సరిపోయేలా కుదించే చోటు అది. కళాఖండాల్ని నిమిషాల లెక్కన నరికే పని. తలుచుకుంటే గుండె చివుక్కుమంటుంది. కానీ నెగటివ్ కటింగ్ ఆమెకి వచ్చింది అక్కడే. తర్వాత న్యూయార్క్ యూనివర్సిటీలో ఆరు వారాల వేసవి కోర్సుకి వెళితే, ఒక విద్యార్థి సినిమా నెగటివ్‌ని తప్పుగా కోశారు, సరిచేయగలవా అని మాస్టారు ఆమెని అడిగారు. ఆ విద్యార్థి మార్టిన్ స్కోర్సెసీ. 1980లో వచ్చిన అతని ‘రేజింగ్ బుల్’కి ఆమె ఆస్కార్ అందుకుంది. ఆ సినిమాలో దెబ్బ పడే ముందు బాక్సింగ్ రింగు ఒక్కసారిగా నిశ్శబ్దమై, ఊపిరి మాత్రం మిగిలి, ప్రత్యర్థి చెయ్యి వెనక్కి వెళ్లి ఆగినట్టుండే క్షణం ఉంది. ఎంతసేపు ఆపాలి? ఒక్క క్షణం ఎక్కువైతే ఆడంబరం, తక్కువైతే ఉత్త కుస్తీ. ఆమె ఆపినంతసేపు ఆపితే అది ఒక మనిషి తనకి తాను వేసుకునే శిక్షగా మారుతుంది. సినిమాల్ని ఎక్కడ కోస్తే నొప్పి పుడుతుందో తెలిసిన చెయ్యి అది.

ఇక ‘లారెన్స్ ఆఫ్ అరేబియా’. దీని దగ్గర కాసేపు కూర్చోవాలి. 1962 సినిమా, దర్శకుడు డేవిడ్ లీన్, ఎడిటర్ ఆన్ వి. కోట్స్. కైరోలో ఆఫీసు గది. లారెన్స్‌ని ఎడారికి పంపడం ఖాయమైంది. లారెన్స్ వేషంలో ఉన్న పీటర్ ఒటూల్ అగ్గిపుల్ల వెలిగించి, దాన్ని వేళ్ల మధ్య నిలబెట్టి చూస్తాడు. ఊదుతాడు. అంతే, ఎడారి. సూర్యుడు ఇంకా రాలేదు. దిగంతం మీద ఎరుపు మాత్రం ఉంది. తెర మొత్తం ఆ ఎరుపుకీ కింది చీకటికీ మధ్య గీసిన ఒక్క గీత. మనం ఎదురు చూస్తాం. చాలాసేపు ఎదురు చూస్తాం. అప్పుడు అంచు మీద సూర్యుడు పొడుస్తాడు.

ఈ కట్ గురించి మాట్లాడేవాళ్లు నిప్పుకీ సూర్యుడికీ ఉన్న పోలిక చెప్పి ఊరుకుంటారు. అగ్గిపుల్ల అంతకు ముందే ఒకసారి వచ్చింది కదా. లారెన్స్ మండుతున్న పుల్లని వేళ్లతో నలిపి ఆర్పుతాడు, చూసి ఇంకొకడు అలాగే చేయబోయి చెయ్యి కాల్చుకుంటాడు. నొప్పిని పట్టించుకోకపోవడమే కిటుకని లారెన్స్ చెబుతాడు. అందుకే రెండోసారి పుల్ల వెలిగేసరికి మన చూపు అతని వేళ్ల మీదికి పోతుంది. ఈసారి నలపడు, ఊదుతాడు. నలిపినవాడు తనని తాను పరీక్షించుకునేవాడు, ఊదినవాడు కోరిక తీరబోతున్న పిల్లవాడు. ఆ ఊపిరే మంటని ఆర్పి ఎడారిని వెలిగిస్తుంది. ఇంత బరువు మోసే కట్ నిజానికి స్క్రిప్టులో లేదు. అక్కడ డిజాల్వ్ అని రాసుకున్నారు. ఒక బొమ్మ కరుగుతూ ఇంకో బొమ్మలోకి జారాలి. వర్క్ ప్రింటులో డిజాల్వ్‌లు ఉండవు, ఇక్కడి నుంచి ఇక్కడికి అని పెన్సిలుతో గీత గీస్తారు, అసలుది తర్వాత ల్యాబులో తయారవుతుంది. ప్రొజెక్టర్‌లో వేసి చూసినప్పుడు రెండు షాట్లూ అతుకు దగ్గర ఒక్క దెబ్బన తగిలాయి. గదిలో ఉన్నవాళ్లు చూశారు. కోట్స్ తర్వాత ఇంటర్వ్యూల్లో చెప్పిన దాని ప్రకారం, ఇది దాదాపుగా కుదిరింది, తీసుకెళ్లి పూర్తిగా కుదిర్చి తెమ్మని లీన్ ఆమెకే అప్పగించాడు. ఆమె తీసేసింది రెండు ఫ్రేములు.

రెండు ఫ్రేములు! ఆ రెండూ ఉంటే మనం గుర్తుపట్టేవాళ్లమా అని ఎవరైనా అడగవచ్చు. పేరు పెట్టి చెప్పలేకపోయినా, ఊపిరి పూర్తయ్యాక ఎడారి వచ్చినట్టు ఉండేది. ఇప్పుడు ఊపిరిలోంచే ఎడారి వస్తోంది. ఆ తేడా తెలిసిన ఆన్ కోట్స్ తొలినాళ్లలో చర్చిలకి పంపే చిన్న చిన్న మత చిత్రాల ప్రింట్లు బాగు చేసేది. చిరిగిన చోట అతికించడం, పాడైన ఫ్రేములు తీసేయడం ఆమె పని. ఆ మనిషి ఎదుట కూర్చున్న డేవిడ్ లీన్ 1927లో గామోంట్ స్టూడియోలో టీ అందించే కుర్రాడిగా చేరి, న్యూస్‌రీళ్లు కోసి ఎడిటర్ అయినవాడు. ప్రింటు మరమ్మతు చేసిన అమ్మాయీ, టీ కప్పులు మోసిన కుర్రాడూ ఒకే అతుకు చూసి ఒకేసారి ఉలిక్కిపడ్డారు. సరిగ్గా అప్పుడు తెర మీద ఏం జరిగిందో పట్టుకోవడానికి కావలసిందంతా వాళ్లు ఎన్నో ఏళ్ల కిందట, పేరు లేని పనుల్లో సంపాదించుకున్నారు.

వాల్టర్ మర్చ్‌ది ఇంకో తీరు. 1974లో వచ్చిన ‘ది కాన్వర్సేషన్’ ఎడిట్ చేస్తూ అతను ఒక సంగతి గమనించాడు. ఎక్కడ కోయాలని తనకి అనిపిస్తుందో, చాలాసార్లు సరిగ్గా ఆ దాపునే జీన్ హ్యాక్‌మన్ రెప్ప వేస్తున్నాడు. మొదట కాకతాళీయం అనుకున్నా, ఆలోచించాడు. మనిషి ఒక తలపు ముగిసి ఇంకో తలపులోకి వెళ్లేటప్పుడు రెప్ప వేస్తాడు. పాత్రలో లీనమైన నటుడి రెప్ప పాత్ర ఆలోచనతో పాటే పడుతుంది. ఎడిటర్ కూడా అదే ఆలోచన వెంట నడుస్తున్నాడు కాబట్టి అతని చెయ్యీ అక్కడే పడింది. ఆ తర్వాత ‘అపోకలిప్స్ నౌ’. 12,50,000 అడుగుల ఫిల్ము, 230 గంటల పైచిలుకు. ఎడిటర్లు కొంతమంది కలిసి పనిచేశారు. మొత్తం కాలాన్ని సినిమాలో మిగిలిన కట్‌లతో భాగించి, ఒక్కో ఎడిటర్‌కి రోజుకి ఒకటిన్నర కట్ కూడా పడలేదని మర్చ్ లెక్క తేల్చాడు. నాకు ఈ లెక్క అంటే చెప్పలేనంత ఇష్టం. రోజంతా కూర్చుంటే ఒకటిన్నర కోత. మిగతాదంతా చూపు. గబగబా కోయడమే నైపుణ్యమని నమ్మే పిల్లలకి ముందు ఈ అంకె వినిపించాలి.

మన వైపు వస్తే, కోతకి పరీక్ష పెట్టేది పాట, అందులోనూ నాట్యం. జి.జి.కృష్ణారావు ఎడిట్ చేసిన ‘సాగరసంగమం’ 1983ది. వానలో బావి గట్టు మీద తూలుతూ ఆడే నర్తకుడు బాలు, నాయిక నుదుటి బొట్టు వానకి కరిగిపోకుండా చెయ్యి అడ్డు పెట్టే బాలు ఇద్దరూ తెలుగువాళ్ల మనసులోంచి పోరు. ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లు ఆ పాటని టైమ్‌లైన్ మీద పెట్టుకుని, శబ్దం తీసేసి చూడాలి, తర్వాత బొమ్మ తీసేసి వినాలి. తాళం పడ్డ ప్రతి చోటా కోయడం చాలా తేలిక, అలా కోసిన పాట పది సెకన్లలో చప్పబడుతుంది. నర్తకి పాదం నేల తాకక ముందు కోయాలా, తాకి ఆ అదురు మోకాలి దాకా పాకాక కోయాలా అన్నది ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవలసిన ప్రశ్న. ఆ సినిమా దర్శకుడు విశ్వనాథ్ సినిమాల్లో నాట్యం తునాతునకలు కాకుండా మనిషి ఒళ్లంతా ఆడుతున్నట్టు అనిపిస్తుందంటే, దాని వెనక కోయకుండా ఊరుకున్న చేతుల సంయమనం కూడా ఉంది. చెవి నాట్యంతో నడుస్తుంటే కంటికి తెగువ అక్కర్లేదు, ఓపిక చాలు.

అయితే ఈ కాలపు తెలుగు కుర్రాళ్లకి నిజమైన పాఠశాల ఇంకొకటి ఉంది. దాన్ని ఎవరూ పాఠశాల అనరు. అది పెళ్లి వీడియో. వరంగల్‌లోనో, రాజమండ్రిలోనో ఒక ఫొటో స్టూడియో వెనక గదిలో కంప్యూటర్ ముందు కూర్చున్న అబ్బాయికి గంటల కొద్దీ ఫుటేజీ వస్తుంది. రీటేక్ లేదు, స్క్రిప్టు లేదు. ఒక కెమెరా పురోహితుణ్ని పట్టుకుంటే ఇంకొకటి అన్నం బంతుల మధ్య తిరిగింది. జీలకర్ర బెల్లం పెట్టే ముహూర్తం ఒక్కసారే వస్తుంది, అడ్డుతెర ఒక్కసారే తొలగుతుంది. తెర తొలగగానే ఆమె మొదట చూసింది అతన్నా, ఎదురుగా ఉన్న కెమెరానా? ఏ కెమెరా దాన్ని పట్టుకుంది? స్లో మోషనూ, ఎగిరే పూరేకులూ, వాడుక పాటా వేసి పూడ్చేయవచ్చు. చాలామంది అదే చేస్తారు, అదే అడుగుతారు కూడా. ఆ అబ్బాయి ఒక్కసారి ఫుటేజీ మొత్తం ఓపిగ్గా చూస్తే మాత్రం దొరికేది వేరు.

ఒక పెళ్లి వీడియోలో అప్పగింతలు చూసి నేను నిశ్చేష్టుణ్నయ్యాను. అందరూ ఏడుస్తున్నారు, కెమెరా ఏడుపుల మీదే ఉంది. ఎడిట్ చేసిన కుర్రాడు అక్కడ ఉండలేదు. పెళ్లికూతురు తల్లి భుజం మీద తల పెట్టిన షాట్ నుంచి, రెండో కెమెరా ఎప్పుడో యథాలాపంగా తీసిన ఇంకో బొమ్మకి వెళ్లాడు. తండ్రి పందిరి చివర నిలబడి షామియానావాడితో కుర్చీల లెక్క మాట్లాడుతున్నాడు. చేతిలో కాగితం, చెవి మీద పెన్ను. అప్పుడు బ్యాండు మొదలవుతుంది, బొమ్మలో కాకుండా ముందు శబ్దంలో. ఆయన మాట మధ్యలో ఆగిపోతుంది. వెనక్కి తిరగడు. కాగితాన్ని సగానికి మడుస్తాడు, మళ్లీ సగానికి మడుస్తాడు. షామియానావాడు ఎటో చూస్తాడు. కారు తలుపు పడ్డ చప్పుడు వచ్చాక గానీ కారు కనిపించదు. కన్నీటి చుక్క లేని ఆ ముఖం నుంచి ఆ గుంపు మొత్తం ఏడుపు కంటే ఎక్కువ కరుణ పొంగింది. శబ్దాన్ని బొమ్మ కంటే ముందు పంపడానికి జె-కట్ అని పేరుంది, ఏ ట్యుటోరియల్‌లోనైనా రెండు నిమిషాల్లో నేర్పుతారు. దాన్ని ఆ తండ్రి మీద, ఆ కాగితం మడత దగ్గర వాడాలని ఏ ట్యుటోరియల్ నేర్పుతుంది? ఎన్ని పెళ్లిళ్ల అప్పగింతలు చూసిన కన్నో అది. అభినవగుప్తుడు చెప్పిన అద్దం ఆ వెనక గదిలో, ఫ్యాను చప్పుడు మధ్య, తేటపడింది.

ఫుటేజీ దొరకదన్న మాట ఇప్పుడు నిలవదు. అమెరికా ఫిల్ము స్కూళ్లలో పాత ‘గన్‌స్మోక్’ టీవీ సీరియల్ రషెస్‌ని తరతరాల విద్యార్థులకి ఇచ్చి కోయించారు. ఒకే గది, అవే ముఖాలు, తరగతిలో ఎంతమంది ఉంటే అన్ని దృశ్యాలు. మనవాళ్లకి పక్కింటి పెళ్లి ఉంది, స్నేహితుడి షార్ట్ ఫిల్ము ఉంది, రిజాల్వ్ లాంటి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. కరువైంది వేరే, పెద్దాయన పక్కన నిలబడి చూసే చోటు.

మన సినిమాలో ఎడిటింగ్ ఇళ్లలోనూ చేతుల మీదుగానూ సాగిన విద్య. అక్కినేని సంజీవి దగ్గర కొడుకు శ్రీకర్ ప్రసాద్ నేర్చుకున్నాడు. ‘రాఖ్’తో జాతీయ అవార్డు అందుకుని, నానా భాషల మీదుగా ‘ఆర్ఆర్ఆర్’ దాకా వచ్చాడు. కె.ఎ.మార్తాండ్ కొడుకు మార్తాండ్ కె.వెంకటేశ్. అన్న కోటగిరి గోపాలరావు దగ్గర పనిచేసిన తమ్ముడు వెంకటేశ్వరరావు తర్వాత ‘బాహుబలి’ రెండు భాగాలూ కోశాడు. మద్రాసు ఎడిటింగ్ గదుల్లో పెద్దాయన పక్కన నిలబడి ట్రిమ్ అందించడమే వీళ్లకి చదువు. ఇది వారసత్వం గురించిన పొగడ్త అనుకోవద్దు. ఇంట్లో పుట్టనివాళ్లకి కూడా ఆ పక్కన నిలబడే చోటు ఆ రోజుల్లో ఉండేది, ఎందుకంటే ఫిల్ము బరువుండేది, ఇంకో జత చేతులు లేకపోతే పని సాగేది కాదు.

హార్డ్ డిస్కులు వచ్చాక ఆ అవసరం పోయింది. అసిస్టెంటు ఇప్పుడు పక్క గదిలో, చాలాసార్లు రాత్రి షిఫ్టులో, కార్డులు కాపీ చేస్తాడు, ప్రాక్సీలు చేస్తాడు, టైమ్‌కోడ్‌తో సింక్ కలుపుతాడు, బిన్నులకి పేర్లు పెడతాడు. పొద్దున ఎడిటర్ వచ్చేసరికి ఇంటికి వెళ్లిపోతాడు. సీను ఎలా మారిందో ఫైలు చూసి తెలుసుకుంటాడు, ఎందుకు మారిందో చూడలేడు. తీసేసిన రెండు ఫ్రేములు ఎక్కడికి పోయాయో ఇక్కడ ఎవరికీ కనిపించదు. కొత్తవాళ్లకి నేను చెప్పగలిగిందల్లా, ఆ రాత్రి పనిని తక్కువ చేసుకోవద్దు, కాపీ అవుతున్నంతసేపూ రషెస్ పెట్టుకుని చూడండి, మంచి టేకు ఏదో మీరు ఒకటి అనుకుని పొద్దున ఎడిటర్ ఏది తీసుకున్నాడో సరిపోల్చుకోండి అని. ఎడిటర్లకి చెప్పవలసింది అంతకంటే పెద్దది. కృష్ణానగర్‌లో గానీ ఫిల్మ్‌నగర్‌లో గానీ ఎడిట్ సూట్ ఎంత ఇరుకుగా ఉన్నా, నిర్మాత సోఫా పక్కన ఇంకో కుర్చీకి చోటుంటుంది. వారానికి ఒక పగలైనా అసిస్టెంటుని అందులో కూర్చోబెట్టండి. అతను మాట్లాడక్కర్లేదు, మీరు పాఠం చెప్పక్కర్లేదు. మీరు ఒక చోట ఆపి, వెనక్కి వెళ్లి, ఇంకో రెండు ఫ్రేములు తీసి, మళ్లీ వేసి చూసేటప్పుడు అతను గదిలో ఉండాలి.